ఆడియాలజిస్టుగా రిసెర్చ్ వైపు వెళ్లాలంటే: మెంటార్డ్ కెరీర్ గ్రాంట్‌కి ఎలా సిద్ధం కావాలి

ఏయూడీ (ఆడియాలజీలో, అంటే వినికిడి రంగంలో, క్లినికల్ డాక్టరేట్) పూర్తిచేసి అమెరికాలో ఏ ఆసుపత్రిలోనో యూనివర్సిటీ క్లినిక్‌లోనో పనిచేస్తున్నారు. రోజూ చూసే పేషెంట్ల వల్లే బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతోంది, దాని మీద సరైన రిసెర్చ్ చేయాలని గట్టిగా ఉంది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లాట్లన్నీ హియరింగ్ ఎయిడ్ ఫిట్టింగులతో, శబ్దానికి మెదడు స్పందనని కొలిచే ఏబీఆర్ టెస్టులతో, కాక్లియర్ ఇంప్లాంట్ మ్యాపింగులతో నిండిపోతున్నాయి. సాయంత్రం ఇంటికెళ్లాక పేపర్లు చదువుదామంటే ఓపిక ఉండదు. మీది ఇదే పరిస్థితి అయితే అన్నిటికన్నా ముందు మీకు కావలసింది టైమ్, ఆ తర్వాత పక్కన కూర్చుని నేర్పించే మనిషి. ఈ రెండూ కొనిపెట్టడానికే మెంటార్డ్ కెరీర్ గ్రాంట్లు ఉన్నాయి.

అన్ని స్టెప్పుల్లోనూ పనికొచ్చే విషయం ముందే చెప్పేస్తాను. స్వతంత్ర సైంటిస్టులకి ఇచ్చే ఆర్01 లాంటి మామూలు గ్రాంట్‌లో ప్రాజెక్టుని చూసి డబ్బిస్తారు, మెంటార్డ్ గ్రాంట్‌లో మనిషిని చూసి ఇస్తారు. "ఈ మనిషి మీద మూడు నుంచి ఐదేళ్లు పెట్టుబడి పెడితే సొంతంగా ల్యాబ్ నడిపే సైంటిస్టు అవుతారా?" అన్నదే రివ్యూయర్ల మనసులో ఉండే ప్రశ్న. ఇది పట్టించుకోకుండా అద్భుతమైన ప్రాజెక్టు రాసి, తమ గురించి, తమ ట్రైనింగ్ గురించి చివర్లో హడావిడిగా నాలుగు పేరాలు రాసి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు, వాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పలేదు, అంతే.

మొదటి స్టెప్పు: మీకు సరిపోయే గ్రాంట్ ఏదో తేల్చుకోండి

వినికిడి రంగానికి పెద్ద డబ్బు వచ్చేది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లోని ఎన్‌ఐడీసీడీ నుంచి. చెవుడు, కమ్యూనికేషన్ సమస్యల మీద పనిచేసే ఈ సంస్థ 1988లో మొదలైంది. ఇందులో క్లినికల్ డాక్టరేట్ ఉన్నవాళ్లకి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి, కే08, కే23. మీ రిసెర్చ్ నేరుగా పేషెంట్లతో, అంటే మనుషులతో ముఖాముఖి పనిచేసేదైతే కే23 చూడండి. ల్యాబ్ సైన్స్, జంతువుల మీద పని, ఉన్న డేటా విశ్లేషణ లాంటివైతే కే08 చూడండి. ఈ రెండు గ్రాంట్ల అర్హతల్లో ఆడియాలజీ పేరు స్పష్టంగా రాసి ఉంటుంది, కాబట్టి "ఇవి ఎండీలకే కదా" అని ముందే వెనక్కి తగ్గకండి. ఇంతకుముందు ఆర్01 లాంటి పెద్ద గ్రాంట్‌కి పీఐగా, అంటే ముఖ్య పరిశోధకుడిగా, ఉంటే మాత్రం కుదరదు. ఆర్03, ఆర్21 లాంటి చిన్నవి ఉంటే ఇబ్బంది లేదు.

మన తెలుగువాళ్లలో చాలామందికి అడ్డం వచ్చేది ఇమిగ్రేషన్. కే08కి గానీ కే23కి గానీ అవార్డు చేతికి వచ్చే సమయానికి మీరు అమెరికా సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు ఉన్న పర్మనెంట్ రెసిడెంట్ అయినా అయి ఉండాలి. అప్లై చేసే రోజుకే ఉండాలని లేదు, అవార్డు రోజుకి ఉండాలి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ గ్రీన్ కార్డు చివరి దశలో ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. హెచ్1బీ మీద ఉండి గ్రీన్ కార్డు దరిదాపుల్లో లేకపోతే కే99/ఆర్00 గురించి ఆలోచించండి, దానికి సిటిజన్‌షిప్ షరతు లేదు. అందులో మొదటి భాగం రెండేళ్ల దాకా మెంటార్ కింద, తర్వాతి భాగం మూడేళ్ల దాకా మీ సొంత ఫ్యాకల్టీ ఉద్యోగంలో నడుస్తుంది. కానీ అది పోస్ట్‌డాక్ చేస్తున్నవాళ్ల కోసం పెట్టింది, పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. అందువల్ల ఏయూడీ తర్వాత పీహెచ్‌డీ కూడా చేసి పోస్ట్‌డాక్‌లో ఉన్నవాళ్లకే అది సహజంగా సరిపోతుంది.

పీహెచ్‌డీ లేకుండా ఏయూడీతోనే కే23 వస్తుందా అని అందరూ అడుగుతారు. రూల్ ప్రకారం అప్లై చేయొచ్చు. కానీ నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, రిసెర్చ్ ట్రైనింగ్ ఏమీ లేకుండా, ఫస్ట్ ఆథర్ పేపర్ ఒక్కటీ లేకుండా నేరుగా కే23కి వెళ్లడం వల్ల మీ టైమే వృథా అవుతుంది. ముందు చిన్న మెట్లు ఎక్కండి. ఇంకా ఏయూడీ చదువుతుంటే ఎన్‌ఐడీసీడీ డబ్బుతో నడిచే టీ35 వేసవి రిసెర్చ్ ట్రైనింగ్‌లు ఉన్నాయి, ఒమాహాలోని బాయ్స్ టౌన్ రిసెర్చ్ హాస్పిటల్ అందుకు పేరున్న చోటు. చదువు అయిపోయి కొన్నేళ్లే అయితే స్పీచ్, హియరింగ్ వృత్తుల సంఘం ఆషాకి చెందిన ఆషాఫౌండేషన్ ఇచ్చే న్యూ ఇన్వెస్టిగేటర్స్ గ్రాంట్ చూడండి. హియరింగ్ హెల్త్ ఫౌండేషన్ ఇచ్చే ఎమర్జింగ్ రిసెర్చ్ గ్రాంట్, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆడియాలజీ వైపు నుంచి వచ్చే చిన్న గ్రాంట్లు కూడా ఇదే వరసలోవి. ఇవి ఒక పైలట్ స్టడీకి సరిపోయే డబ్బు, జీతం పెద్దగా కవర్ కాదు. కానీ "నా ఐడియాని నమ్మి ఒకరు డబ్బిచ్చారు, నేను దాన్ని పేపర్‌గా మార్చి చూపించాను" అని చెప్పుకోగలగడం కే అప్లికేషన్‌లో చాలా బరువు తూగుతుంది.

మీ యూనివర్సిటీలో క్లినికల్ అండ్ ట్రాన్స్‌లేషనల్ సైన్స్ సెంటర్ ఉంటే అక్కడ కే12 అనే స్కీమ్ ఉందేమో కనుక్కోండి. పాతవాళ్లు దాన్ని కేఎల్2 అంటారు. అందులో యూనివర్సిటీయే తన దగ్గరున్న ఎన్‌ఐహెచ్ డబ్బుతో కొందరిని ఎంపిక చేసుకుంటుంది, అంటే దేశం మొత్తంతో పోటీ పడాల్సిన పని లేదు. ఎక్కువగా డాక్టర్లే అప్లై చేస్తుంటారు కాబట్టి ఆడియాలజీ వాళ్లు అసలు గుర్తుకే తెచ్చుకోరు. తప్పకుండా వెళ్లి అడగండి.

మాజీ సైనికుల (వెటరన్ల) కోసం ప్రభుత్వం నడిపే వీఏ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి వేరే దారి ఉంది. ఆడియాలజీ అనే వృత్తే రెండో ప్రపంచ యుద్ధం నుంచి వినికిడి పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికుల పునరావాసంలో పుట్టింది. పెన్సిల్వేనియాలోని డెషాన్ ఆర్మీ ఆసుపత్రిలో రేమండ్ కార్‌హార్ట్ చేసిన పని అందుకు పునాది. ఇవాళ్టికీ వెటరన్లకి పరిహారం ఇచ్చే సమస్యల్లో టినిటస్ (చెవుల్లో హోరు), వినికిడి లోపం పై వరసలోనే ఉన్నాయి. అందుకే వీఏకి ఈ రిసెర్చ్ మీద నిజమైన ఆసక్తి ఉంది. పోర్ట్‌లాండ్‌లో ఎన్‌సీఆర్‌ఏఆర్ పేరుతో వినికిడి రిసెర్చ్ సెంటరే నడుపుతోంది. వాళ్ల కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డుల్లో సీడీఏ-1 రెండేళ్ల దాకా, సీడీఏ-2 ఐదేళ్ల దాకా ఉంటాయి. మీరు ఇప్పటికే వీఏ క్లినిక్‌లో ఉంటే, ఎన్‌ఐహెచ్ కన్నా ముందు దీని గురించే మీ రిసెర్చ్ ఆఫీసులో మాట్లాడండి.

రెండో స్టెప్పు: టాపిక్ కన్నా ముందు మెంటార్‌ని వెతకండి

చాలామంది టాపిక్ పూర్తిగా తేల్చుకుని, స్టడీ లక్ష్యాలు చెప్పే ఏయిమ్స్ పేజీ కూడా రాసుకుని, అప్పుడు మెంటార్ దగ్గరికి వెళతారు. వరస మార్చండి. మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటే చాలు. దాన్ని స్టడీగా మలచడం మెంటార్‌తో కూర్చుని చేయాల్సిన పని, ఆ కూర్చోవడమే ట్రైనింగ్‌లో మొదటి పాఠం.

ఎవరిని వెతకాలి? ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే ఉచిత డేటాబేస్ తెరవండి. మీ ప్రశ్నని నాలుగైదు వాక్యాల్లో రాసి అందులోని మ్యాచ్‌మేకర్‌లో పెడితే, దానికి దగ్గరగా ఉన్న పనికి ఇప్పటికే డబ్బు పొందుతున్నవాళ్ల పేర్లు, ఆ గ్రాంట్లు చూస్తున్న ప్రోగ్రామ్ ఆఫీసర్ల పేర్లు వస్తాయి. మీ ఊళ్లో, మీ సంస్థలో ఉన్నవాళ్ల పేర్లు వేరుగా రాసుకోండి. ఒక్కొక్కరి గురించి మూడు విషయాలు చూడండి: ఇప్పుడు సొంత ఆర్01 లాంటి గ్రాంట్ ఉందా, గతంలో వాళ్ల దగ్గర ట్రైన్ అయినవాళ్లు ఇప్పుడు స్వతంత్రంగా పనిచేస్తున్నారా, మీ ఈమెయిల్‌కి జవాబిస్తున్నారా. మూడోది చిన్నచూపు చూడొద్దు. రెండు వారాలకి కూడా జవాబివ్వని పెద్ద మనిషి, రేపు డెడ్‌లైన్ రోజు ఆరు పేజీల మెంటార్ స్టేట్‌మెంట్ రాసివ్వాల్సిన మనిషి కూడా. పేరు ఎంత పెద్దదైనా ఇలాంటి మెంటార్ వద్దనే నేను చెప్తాను.

ఆడియాలజీలో మెయిన్ మెంటార్ తరచుగా వేరే శాఖ మనిషి అవుతారు, ఈఎన్‌టీ సర్జన్ సైంటిస్టో, హియరింగ్ సైన్స్ పీహెచ్‌డీయో, పబ్లిక్ హెల్త్ వాళ్లో. అందులో తప్పేమీ లేదు, కానీ ఆడియాలజీ లోతు తెలిసినవాళ్లు ఒకరు కో-మెంటార్‌గా ఉండాలి, లేకపోతే "హియరింగ్ ఎయిడ్ వెరిఫికేషన్ గురించి ఈ టీమ్‌లో ఎవరికి తెలుసు?" అని రివ్యూలో అడుగుతారు. స్టాటిస్టిక్స్ మనిషి ఒకరు తప్పనిసరి. టీమ్ మొత్తం ముగ్గురు నలుగురు చాలు. ఎనిమిది పేర్లు పెడితే ఎవరికీ బాధ్యత లేనట్టు కనిపిస్తుంది. ప్రతి ఒక్కరూ మీకు ఏం నేర్పిస్తారో, ఎన్నాళ్లకోసారి కలుస్తారో కాగితం మీద ఉండాలి.

మొదటి ఈమెయిల్ చిన్నదిగా ఉండాలి. ఇలా రాయొచ్చు: "నేను ఫలానా క్లినిక్‌లో ఆడియాలజిస్టుని. మొదటిసారి హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న పెద్దవాళ్లలో కొందరు కొన్ని నెలలకే వాడటం ఎందుకు మానేస్తున్నారన్నది నా ప్రశ్న. మీ ఫలానా పేపర్‌లో వాడిన పద్ధతి దీనికి పనికొస్తుందనిపించింది. కే23కి సిద్ధం కావాలనుకుంటున్నాను. ఒక అరగంట మాట్లాడే వీలుందా?" అంతే. సీవీ జతచేయండి. మొదటి ఈమెయిల్‌లోనే మెంటార్‌గా ఉంటారా అని అడగొద్దు, అది రెండు మూడు మీటింగుల తర్వాత దానంతటదే తేలుతుంది.

మూడో స్టెప్పు: డిపార్ట్‌మెంట్‌తో టైమ్ గురించి ఖచ్చితంగా మాట్లాడండి

అన్నిటికన్నా కష్టమైన స్టెప్పు ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కే08, కే23 వస్తే మీ పని సమయంలో కనీసం 75 శాతం రిసెర్చ్‌కీ ట్రైనింగ్‌కీ ఇవ్వాలి. ఎన్‌ఐహెచ్ లెక్కలో ఏడాదికి 9 నెలల ఎఫర్ట్ అన్నమాట. మిగిలిన 25 శాతంలోనే క్లినిక్, టీచింగ్, కమిటీలు అన్నీ. అంటే వారానికి ఐదు రోజుల పనిలో క్లినిక్‌కి ఒక రోజుకి కాస్త ఎక్కువ మిగులుతుంది. ఇప్పుడు ఐదు రోజులూ పేషెంట్లను చూస్తున్న మనిషి ఒక్క రోజుకి తగ్గితే క్లినిక్ ఆదాయం తగ్గుతుంది, వెయిటింగ్ లిస్ట్ పెరుగుతుంది, మిగతా ఆడియాలజిస్టుల మీద భారం పడుతుంది. మీ డిపార్ట్‌మెంట్ చైర్ మొదట ఆలోచించేది ఇదే, అందులో ఆయన తప్పేమీ లేదు.

ఇంకో చిక్కు జీతం. కే గ్రాంట్‌లో జీతానికి ఇచ్చే డబ్బు మీద ఎన్‌ఐహెచ్‌లోని ప్రతి విభాగానికీ ఒక పరిమితి ఉంటుంది, అది ఎంతో ఆ ఏడాది ప్రకటనలో, ఎన్‌ఐడీసీడీ వివరాల దగ్గర ఉంటుంది. మీ జీతంలో 75 శాతం ఆ పరిమితి దాటితే, తేడాని మీరు పనిచేసే సంస్థే భరించాలి. పైగా ఓవర్‌హెడ్ కింద, అంటే భవనాలు, ఆఫీసు ఖర్చుల కోసం, యూనివర్సిటీకి కే గ్రాంట్‌లో వచ్చేది 8 శాతమే, ఆర్01లో వచ్చేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. కాబట్టి "నేను గ్రాంట్ తెస్తున్నాను కదా, సంతోషించాలి కదా" అన్న ధోరణిలో మాట్లాడితే పని జరగదు.

అందుకని చేతిలో లెక్కలతో వెళ్లండి. ఇప్పుడు వారానికి ఎన్ని స్లాట్లు చూస్తున్నారు, ఎన్నింటిని వదులుకోవాలి, వాటిని ఎవరు చూస్తారు, పార్ట్‌టైమ్ ఆడియాలజిస్టుని పెట్టుకుంటే ఎంతవుతుంది, గ్రాంట్ నుంచి విడుదలయ్యే మీ జీతం డబ్బు అందుకు ఎంతవరకు సరిపోతుంది, ఇవన్నీ ఒక పేజీలో రాసుకోండి. ఆ పేజీ చైర్ ముందు పెట్టి, "గ్రాంట్ వస్తే నా షెడ్యూల్ ఇలా మారాలి, మీకు ఇబ్బంది ఎక్కడ వస్తుందో చెప్పండి" అని అడగండి. మాటల్లో ఒప్పుకుంటే సరిపోదు. అప్లికేషన్‌లో సంస్థ నిబద్ధత గురించి ఒక పేజీ ఉత్తరం ఉంటుంది, అందులో 75 శాతం టైమ్ రక్షిస్తామని, స్పేస్ ఇస్తామని, ఈ గ్రాంట్ వచ్చినా రాకపోయినా మీ ఉద్యోగం ఉంటుందని స్పష్టంగా రాయాలి. ఆ ఆఖరి వాక్యం లేకపోతే రివ్యూయర్లు వెంటనే పట్టుకుంటారు. "మా విభాగానికి గర్వకారణం" లాంటి పొగడ్తలు రెండు పేరాలున్నా, ఎఫర్ట్ అంకె, ఆఫీసు గది, టైటిల్ లేని ఉత్తరం బలహీనమైన ఉత్తరమే. డ్రాఫ్ట్ మీరే రాసివ్వండి, అందరూ అలాగే చేస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

ఈ చర్చలో చైర్ పదే పదే దాటేస్తుంటే దాన్ని ఒక సమాచారంగా తీసుకోండి. టైమ్ ఇవ్వని చోట గ్రాంట్ వచ్చినా నలిగిపోతారు, రాత్రుళ్లు, వారాంతాలు దానికే పోతాయి. వేరే సంస్థకి మారడం గురించి ఆలోచించాల్సిన సమయం అదే.

నాలుగో స్టెప్పు: మీకు రానివి ఏమిటో రాసుకోండి

ఇదే అప్లికేషన్‌కి గుండెకాయ. ఏయూడీ చదువు మిమ్మల్ని మంచి క్లినీషియన్‌ని చేసింది, అందులో స్టడీ డిజైన్, స్టాటిస్టిక్స్ పైపైనే తగిలి ఉంటాయి. మీ దీర్ఘకాల లక్ష్యం ఒకే వాక్యంలో రాయండి, తర్వాత ఆ లక్ష్యానికీ ఇవాళ్టి మీకూ మధ్య ఉన్న ఖాళీలు మూడు నాలుగు రాయండి. "రిసెర్చ్‌లో నైపుణ్యం పెంచుకోవాలి" అన్నది ఖాళీ కాదు, అది ఎవరికైనా అతుకుతుంది. "ఒకే మనిషి నుంచి నెలల తరబడి వచ్చే హియరింగ్ ఎయిడ్ వాడకపు డేటా లాగింగ్ లెక్కలని విశ్లేషించే లాంగిట్యూడినల్ మోడల్స్ నాకు రావు", "పేషెంట్ ఇంటర్వ్యూలు చేసి వాటిని పద్ధతిగా కోడ్ చేయడం ఎప్పుడూ చేయలేదు", "రాండమైజ్డ్ ట్రయల్ డిజైన్ చేయడం, నడపడం తెలియదు". ఇవీ ఖాళీలంటే.

ప్రతి ఖాళీకీ ఎదురుగా కోర్సు ఏది, ఏ ఏడాది, ఎవరు చూస్తారు, దాని నుంచి బయటికి వచ్చేది ఏమిటి, ఏ పేపర్ అవుతుందో రాయండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. రిసెర్చ్ ప్లాన్‌లోని ప్రతి ఏయిమ్ ఈ ఖాళీల్లో ఒకదాన్ని పూడ్చాలి. ఏయిమ్ ఒకటి, ఖాళీ ఒకటి అన్నట్టు తాళంచెవి తాళంలో పడినట్టు అమరాలి. రివ్యూయర్ మీ ట్రైనింగ్ ప్లాన్ చదువుతుంటే రిసెర్చ్ ప్లాన్ గుర్తుకు రావాలి, రిసెర్చ్ ప్లాన్ చదువుతుంటే ట్రైనింగ్ గుర్తుకు రావాలి. మీకు ఇప్పటికే పూర్తిగా వచ్చిన పద్ధతితో చేసే ఏయిమ్ ఎంత గొప్పదైనా ఇక్కడ సగం మార్కులే. పూర్తిగా ఏమీ రాని పద్ధతులతో మూడు ఏయిమ్‌లూ రాస్తే అదీ నమ్మరు.

మీ కథ రాసే భాగంలో క్లినిక్ అనుభవాన్ని దాచొద్దు, అదే మీ బలం. పీహెచ్‌డీ మాత్రమే చేసిన సైంటిస్టు చూడలేనిది మీరు రోజూ చూస్తున్నారు: ఆడియోగ్రామ్ (వినికిడి టెస్టు చార్టు) ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు హోటల్ గోలలో హాయిగా మాట్లాడతారు, ఇంకొకరు ఇంట్లో టీవీ కూడా అర్థం కాక బాధపడతారు. ఆ గమనింపు నుంచి ప్రశ్న ఎలా పుట్టిందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి.

ఐదో స్టెప్పు: రిసెర్చ్ ప్లాన్, అందులోని క్లినికల్ ట్రయల్ గొయ్యి

క్యాండిడేట్ భాగం, రిసెర్చ్ స్ట్రాటజీ రెండూ కలిపి 12 పేజీలే. స్పెసిఫిక్ ఏయిమ్స్ వేరుగా ఒక పేజీ. కాబట్టి ప్లాన్ చిన్నగా, చేయగలిగేలా ఉండాలి. హియరింగ్ ఎయిడ్ మానేసేవాళ్ల ఉదాహరణే తీసుకుందాం. మొదటి ఏయిమ్‌లో క్లినిక్ రికార్డుల్లో ఉన్న డేటా లాగింగ్ గంటలు, చెవిలోనే శబ్దం కొలిచి ఎయిడ్‌ని సరిచూసే రియల్ ఇయర్ వెరిఫికేషన్ వివరాలు విశ్లేషించడం, రెండో ఏయిమ్‌లో వాడుతున్నవాళ్లతో, మానేసినవాళ్లతో ఇంటర్వ్యూలు, మూడో ఏయిమ్‌లో ఆ రెండిటి నుంచి తేలినదాన్ని బట్టి ఒక ఫాలో-అప్ పద్ధతిని చిన్న పైలట్‌లో పరీక్షించడం. మొదటి ఏయిమ్ ఫెయిలైతే మిగతా రెండూ కూలిపోయేలా రాయకండి, రివ్యూయర్లకి ఇది అస్సలు నచ్చదు.

పేషెంట్లు ఎంతమంది దొరుకుతారో లెక్క చూపించండి. నెలకి 40 మంది కొత్తగా హియరింగ్ ఎయిడ్ తీసుకుంటారనుకుందాం. మీ వయసు, వినికిడి స్థాయి షరతులకి సరిపోయేవాళ్లు అందులో సగం, వాళ్లలో ఒప్పుకునేవాళ్లు మూడో వంతు అనుకుంటే నెలకి ఆరేడుగురు. 120 మంది కావాలని రాస్తే ఏడాదిన్నర పైనే పడుతుందని అర్థం. ఈ కూడికలు ముందే చేసుకుంటే మీ టైమ్‌లైన్ నిజాయితీగా ఉంటుంది.

ఇక గొయ్యి. ఎన్‌ఐహెచ్ ప్రతి కే గ్రాంట్‌కీ వేర్వేరు ప్రకటనలు ఇస్తుంది: క్లినికల్ ట్రయల్ తప్పనిసరి అన్నది ఒకటి, క్లినికల్ ట్రయల్ అనుమతి లేదు అన్నది ఇంకొకటి. తప్పు ప్రకటన కింద పంపితే సైన్స్ ఎంత బాగున్నా రివ్యూకి వెళ్లకుండానే అప్లికేషన్ వెనక్కి రావచ్చు. ఆడియాలజీలో ఇది ఎందుకు ప్రమాదమంటే, ఎన్‌ఐహెచ్ నిర్వచనం మనం క్లినికల్ ట్రయల్ అనుకునేదానికన్నా చాలా వెడల్పు. మనుషులు పాల్గొంటున్నారా, వాళ్లని ముందుగా ఒక ఇంటర్వెన్షన్‌కి కేటాయిస్తున్నారా, ఆ ఇంటర్వెన్షన్ ప్రభావం కొలవడానికే స్టడీ చేస్తున్నారా, కొలిచేది ఆరోగ్యానికి సంబంధించిన ఫలితమా, ఈ నాలుగింటికీ అవును అయితే అది ట్రయలే. మందు ఉండక్కర్లేదు, వందల మంది ఉండక్కర్లేదు. ఇరవై మందికి రెండు రకాల నాయిస్ రిడక్షన్ సెట్టింగులు పెట్టి గోలలో మాటలు ఎంత అర్థమవుతున్నాయో చూసే ల్యాబ్ స్టడీ కూడా అందులో పడొచ్చు. ఇలాంటి ప్రాథమిక ప్రయోగాలకి బేసిక్ ఎక్స్‌పెరిమెంటల్ స్టడీస్ పేరుతో వేరే ప్రకటన కూడా ఉంటుంది. కాబట్టి ఏయిమ్స్ పేజీ తయారవగానే, మిగతా ఏదీ రాయకముందే, దాన్ని ఎన్‌ఐడీసీడీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి పంపి "ఇది ఏ ప్రకటన కిందకి వస్తుంది?" అని అడగండి. వాళ్లతో మాట్లాడటానికి భయపడేవాళ్లున్నారు. అవసరం లేదు, అది వాళ్ల ఉద్యోగంలో భాగమే, చాలామంది ఓపిగ్గా చెప్తారు.

ఆరో స్టెప్పు: తేదీలు, కాగితాలు

కొత్త కే అప్లికేషన్లకి మామూలుగా ఉండే తేదీలు ఫిబ్రవరి 12, జూన్ 12, అక్టోబర్ 12. మీరు పంపేముందు ఆ ప్రకటనలో ఉన్న తేదీయే మరోసారి చూసుకోండి. మీ సంస్థ ఉన్న చోటి సమయం ప్రకారం సాయంత్రం 5 గంటలకి గడువు ముగుస్తుంది. కానీ మీ యూనివర్సిటీ గ్రాంట్స్ ఆఫీసుకి అంతకన్నా చాలా రోజుల ముందే ఫైనల్ కాపీ కావాలి, ఎన్ని రోజులో మొదటి వారంలోనే కనుక్కోండి. ఫిబ్రవరిలో పంపినది వేసవిలో రివ్యూ అవుతుంది, ఆ తర్వాత ఎన్‌ఐడీసీడీ సలహా కౌన్సిల్ చూస్తుంది, డబ్బు మొదలయ్యేసరికి సెప్టెంబరో డిసెంబరో అవుతుంది. గడువుకి ముందు రాయడానికి కనీసం తొమ్మిది నెలలు పెట్టుకోండి, క్లినిక్ చేస్తూ అయితే ఏడాది.

రిఫరెన్స్ ఉత్తరాల దగ్గర చాలామంది టెన్షన్ పడతారు, పడాల్సిందే. మూడు నుంచి ఐదు ఉత్తరాలు కావాలి, మీ మెంటార్లు కానివాళ్లే రాయాలి, వాళ్లే నేరుగా ఎన్‌ఐహెచ్ ఆన్‌లైన్ సిస్టమ్ ఈఆర్‌ఏ కామన్స్‌లో అదే గడువులోగా వేయాలి. మీ కామన్స్ యూజర్ పేరు, ప్రకటన నంబర్ వాళ్లకి పంపండి. ఐదుగురిని అడగండి, ఒకరిద్దరు ఆలస్యం చేసినా మూడు వస్తాయి. వచ్చాయో లేదో కామన్స్‌లో మీకే కనిపిస్తుంది, రోజూ చూసుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రిసెర్చర్లకి ఇచ్చే గుర్తింపు నంబర్ ఆర్కిడ్ ఐడీ తీసుకుని కామన్స్‌కి కలపండి. బయోస్కెచ్ (మీ చదువు, పని వివరాలు) సైఎన్‌సీవీ అనే వెబ్‌సైట్‌లో చేయండి. రిసెర్చ్ నీతి ట్రైనింగ్ గురించి ఒక పేజీ ఉంటుంది, దాన్ని కాపీ పేస్ట్ చేయకుండా మీ స్టడీకి తగ్గట్టు రాయండి. డేటా షేరింగ్ ప్లాన్ 2023 జనవరి నుంచి రిసెర్చ్ ఉన్న కే గ్రాంట్లకీ అడుగుతున్నారు. మెంటార్ల స్టేట్‌మెంట్లన్నీ కలిపి ఆరు పేజీలు, అందులో మెయిన్ మెంటార్ మీ గురించి ప్రత్యేకంగా రాయాలి, వేరే ట్రైనీకి రాసిన ఉత్తరంలో పేరు మార్చినట్టు ఉండకూడదు.

ఏడో స్టెప్పు: స్కోరు వచ్చాక

రివ్యూయర్లు ఐదు విషయాలకి 1 నుంచి 9 దాకా అంకెలు వేస్తారు, 1 మంచిది: మీరు, మీ ట్రైనింగ్ ప్లాన్, రిసెర్చ్ ప్లాన్, మెంటార్లు, సంస్థ వాతావరణం. వాటితో పాటు మొత్తానికి 10 నుంచి 90 దాకా ఒక ఇంపాక్ట్ స్కోరు, ఇక్కడా తక్కువైతేనే మంచిది. చాలా అప్లికేషన్లు మీటింగులో చర్చకే రావు. మీది చర్చకి రాకపోయినా విమర్శల కాగితం మీ చేతికి వస్తుంది, దాన్ని ఆ రోజే చదివి ఆ రోజే నిర్ణయం తీసుకోకండి.

వారం ఆగి మెంటార్‌తో కూర్చుని చదవండి. "క్యాండిడేట్" దగ్గర స్కోరు బాగుండి "రిసెర్చ్ ప్లాన్" దగ్గర దెబ్బతింటే అది బాగు చేయగలిగిన సమస్య. పేపర్లు తక్కువున్నాయని అంటే, రీసబ్మిషన్ లోపు చేతిలో ఉన్న డేటాతో ఒక పేపర్ పంపడం మీద దృష్టి పెట్టండి. మెంటార్ గురించి అనుమానం వస్తే కో-మెంటార్‌ని చేర్చడం మంచిది. తర్వాత ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి, మీటింగులో ఏ విషయం మీద ఎక్కువ మాట్లాడారో వాళ్లకి తెలుస్తుంది. మొదటి అప్లికేషన్ పంపిన 37 నెలల్లోగా ఒకసారి రీసబ్మిట్ చేయొచ్చు, దానికి ఒక పేజీ జవాబు జతచేయాలి. మామూలు తేదీలు మార్చి 12, జూలై 12, నవంబర్ 12. ఆ పేజీలో రివ్యూయర్‌తో వాదన పెట్టుకోవద్దు. ఒప్పుకున్నవి ఎక్కడ మార్చారో, ఒప్పుకోనివి ఎందుకో మర్యాదగా, క్లుప్తంగా రాయండి.

ఎనిమిదో స్టెప్పు: వచ్చిన తర్వాత

అవార్డు నోటీసు రాగానే క్లినిక్ షెడ్యూలర్‌తో కూర్చుని మీ టెంప్లేట్ మార్పించండి. ఇది ఆలస్యం చేస్తే పాత స్లాట్లు నెలల ముందే నిండిపోయి ఉంటాయి, 75 శాతం అన్నది కాగితం మీదే ఉండిపోతుంది.

చదువు అప్పులు ఇంకా ఉంటే ఎన్‌ఐహెచ్ లోన్ రీపేమెంట్ ప్రోగ్రామ్‌కి కూడా అప్లై చేయండి, అది ఏటా సెప్టెంబర్ 1న తెరుచుకుంటుంది. అర్హత వస్తే వారానికి సగటున 20 గంటలు రిసెర్చ్ చేస్తామన్న ఒప్పందం మీద ఏడాదికి 50,000 డాలర్ల దాకా అప్పు తీరుస్తారు. కే గ్రాంట్‌తో పాటే తీసుకోవచ్చు. ఏయూడీ చదువుకి అయ్యే అప్పు తెలిసినవాళ్లకి ఇది ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు. దీనికి కూడా సిటిజన్‌షిప్ లేదా గ్రీన్ కార్డు ఉండాలి.

మూడో ఏడాది మొదలవగానే ఆర్01 రాయడం మొదలుపెట్టండి. ఎన్‌ఐడీసీడీలో కెరీర్ తొలినాళ్ల వాళ్ల కోసం ప్రత్యేకంగా ఆర్21 కూడా ఉంది, ఆర్01కి డేటా చాలదనిపిస్తే ముందు దాన్ని చూడండి. కే చివరి రెండేళ్లలో మీరే పీఐగా ఆర్01 లాంటిది వస్తే, కే ఎఫర్ట్‌ని 9 నెలల నుంచి 6 నెలలకి తగ్గించుకుని ఆ తేడాని కొత్త గ్రాంట్‌లో చూపించుకునే వీలుంది. దానికి ముందుగా ఎన్‌ఐడీసీడీ అనుమతి కావాలి, కాబట్టి ఆర్01 స్కోరు బాగుందని తెలిసిన వారమే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి రాయండి.